ఇందూరులో దొరికే గిలాస ఊర్లో ఎందుకు దొరకదు?

పేపర్లలో ఆదివారం నాడు ఒక రకం రాతలు వస్తుంటాయి. ఫలానా పెద్దమనిషికి తన నగరంలో నచ్చిన హోటళ్లేవి, దుకాణాలేవి, బొమ్మలు చూడటానికి ఎక్కడికి పోతాడు – ఇవీ ఆ సంగతులు. చదవడానికి బాగానే ఉంటాయి. కాని ఈ ప్రశ్నను మాల మాదిగ వాడలకు వచ్చి అడిగినోడు లేడు. కూలిచేసుకునేటోళ్లకు ఆకలే గాని ఇష్టం ఎక్కడుంటది అని వాళ్ల లెక్క.

అందుకని ఈసారి మేమే అడిగాం. శనివారం నవీపేట్ మేకల అంగడికి చుట్టుపక్కల ఊర్ల నుంచి మనోళ్లు చాలామంది వస్తారు. అంగడి అయినంక చెట్టు కింద కూర్చున్న కొందరిని పలకరించి, "ఇందూరుకు పోతే ఎక్కడ చాయ్ తాగుతరు? ఎక్కడ కొంటరు? ఏం చూస్తరు?" అని అడిగాం.

ఒక పెద్దాయన వెంటనే "బస్టాండు కాడి హోటల్ల చాయ్ మంచిగుంటది" అన్నాడు. మన నవీపేట్‌లో చాయ్ మంచిగుండదా తాతా అంటే కొంచెంసేపు ఆగి, "చాయ్ అంతటా ఒక్కటే బిడ్డా. ఆడ నువ్వెవరి కొడుకువని అడగరు" అన్నాడు.

బీడీలు చేసే ఒక అక్క బట్టల దుకాణం సంగతి చెప్పింది. "గద్దె మీద కూసోబెట్టి పది చీరలు విప్పి చూపిస్తరు. కొనకపోయినా మంచినీళ్లిస్తరు. మా ఊరి దుకాణపాయన చిల్లర చేతిల పెట్టడు, బల్ల మీద పడేస్తడు. ఏరుకోవాలె." డిగ్రీ చదివే పిల్లగాడు మిర్చి బండి పేరు చెప్పాడు. అక్కడ అన్ని కులాలోళ్లు ఒక్క పేపరు ముక్కలో పెట్టుకొని నిలబడి తింటారు కాబట్టి తనకు ఇష్టమన్నాడు.

అన్నలారా, అక్కలారా, ఈ మాటలు మళ్లీ ఒకసారి చదవండి. ఎవరూ ఉప్పు కారం గురించి చెప్పలేదు. రేట్ల గురించి కూడా చెప్పలేదు. పెద్దకులాలోళ్లు హోటల్‌ను నాలుకతో ఎంచుకుంటారు. మనం మాత్రం మర్యాద చూసి ఎంచుకుంటున్నాం. రుచి చూసి ఎంచుకునే దాకా ఇంకా రానేలేదు.

అయితే పట్నాలల్ల కులం పోయిందా? పోలేదు. అదే ఇందూరులో ఇల్లు కిరాయికి అడిగితే "మీరేంటోళ్లు?" అనే మాట ముందు వస్తది. హోటల్ల ఆ మాట రాకపోవడానికి కారణం, అక్కడ మనల్ని గుర్తుపట్టేటోడు లేకపోవడం. గుంపులో కలిసిపోయినం కాబట్టి దొరికిన మర్యాద అది. గుర్తుపట్టనందుకు దొరికిన మర్యాద హక్కు కాదు. మన తాత ఎవరో, మన వాడ ఏ దిక్కున ఉందో తెలిసిన మనిషి అందరికిచ్చే గిలాసలోనే మనకూ చాయ్ పోస్తే అది హక్కు.

రెండో కారణం పైసలు. ఇందూరులో నగదు పెట్టి కొంటాం, ఎవరికీ బాకీ ఉండం. ఊర్లో ఉద్దెర. ఉద్దెర పెట్టే దుకాణంలో చిల్లర చేతిలో పెట్టమని ఎట్ల అడుగుతాం? బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పెట్టినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నెల జీతం అనేది ఒకటి మొదలైంది. జీతం తీసుకున్నోడు బోధన్ బజారులో సొంత పైసలతో కూర్చుని తినగలడు. దొర దగ్గర పాలేరుగా ఉన్నోనికి ఆ ధైర్యం లేదు. ఆ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటోళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు రైతుకు నష్టం అని అందరూ రాశారు, నిజమే. కాని జీతం పోయిన కుటుంబం మళ్లీ ఉద్దెర దుకాణం ముందు నిలబడుతదని, జీతంతో పాటు మర్యాద కూడా పోతదని రాసినోళ్లు తక్కువ.

ఇక మూడో ప్రశ్నకు వద్దాం. ఇందూరులో ఏం చూస్తరు అంటే అంగడిలో ఎవరూ మాట్లాడలేదు. దవాఖాన, కలెక్టరాఫీసు, కోర్టు. మనం చూసే ఇందూరు ఇంతే. తిలక్ గార్డెన్‌లో మ్యూజియం ఉంది కదా అంటే "అది సదువుకున్నోళ్లకు" అన్నారు.

ఈ మాట మాకు గిలాస కంటే ఎక్కువ బాధ పెట్టింది. ఆ మ్యూజియం 2001లో మొదలైంది. పాత రాతియుగం నుంచి విజయనగరం కాలం దాకా దొరికిన వస్తువులకు, శిల్పాలకు అది నెలవు. నల్లటి లోహం మీద వెండి తీగ దిగ్గొట్టిన బిద్రీ పనికి కూడా అందులో చోటుంది. రాయి చెక్కింది, లోహం కరగబోసింది, వెండి తీగ కొట్టింది రాజులు కాదు. చేతుల్తో పనిచేసి బతికిన మనుషులు. అవి చూడటానికి మనకు సిగ్గెందుకు? అదే ఊర్లో ఖిల్లా ఉంది. నిజాం కాలంలో అది జైలు. దాశరథి కృష్ణమాచార్య అక్కడ ఖైదులో ఉండి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అదీ మన పిల్లలు చూడాల్సిన జాగే.

మంచి వస్తువును చూడాలనే కోరిక మనకు లేనిది కాదు. మాదిగ వాడకు డక్కలోళ్లు వచ్చి జాంబపురాణం చెప్పేటప్పుడు విప్పే పటం ఏమిటి? అది బొమ్మల కొలువు కాదా? ఒక్కొక్క బొమ్మను కర్రతో చూపిస్తూ కథ చెబుతుంటే వాడంతా కూర్చుని చూసేది. టికెట్టు లేదు, గోడల్లేవు. మన బొమ్మల ప్రదర్శన మన వాకిట్లకే వచ్చింది. మనకు కళ తెలువదు అనే మాట మన నోటితో మనమే అనడం మానుకోవాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితంలో ఇలాంటి సంగతే ఒకటి ఉంది. 1934లో ఆయనా, ఉద్యమంలో ఆయనతో పనిచేసేటోళ్లూ సుమారు 30 మంది కలిసి యాత్రకు బయల్దేరారు. సభకు కాదు, కోర్టు పనికి కాదు, చూడటానికే. వేరుల్‌లోని బౌద్ధ గుహలు చూడాలని వాళ్ల కోరిక. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. దుమ్ముకొట్టుకొని ఉన్నారు కాబట్టి కోట వాకిలి దగ్గరి నీళ్ల తొట్టిలో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. ఒక ముసలాయన కేకలేస్తూ వచ్చాడు, అంటరానోళ్లు నీళ్లు మైల చేశారని. జనం పోగై తిట్టారు. చివరికి కోట చూడనిచ్చారు గాని, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా కాపలాకు తుపాకీ ఉన్న సిపాయిని వెంట పంపారు.

ఆ దౌలతాబాద్ అప్పుడు మన నిజాం రాజ్యంలోదే. మన నవీపేట్ స్టేషన్ మీదుగా బాసర, నాందేడ్ దిక్కు పోయే రైలు పట్టాలు మన్మాడ్ చేరేలోపు ఆ దౌలతాబాద్‌ను కూడా దాటుతాయి. విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన మనిషిని కూడా నీళ్లు ముట్టనియ్యలేదు. అయినా వాళ్లు తిరిగిపోలేదు, చూడవలసింది చూశారు.

ఆ మనిషే రాజ్యాంగం రాసే కమిటీకి అధ్యక్షుడయ్యాడు. 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఆ రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చదవండి. దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్లు, వినోద స్థలాలు – వీటిలోకి పోకుండా కులం పేరుతో ఎవరినీ ఆపరాదని ఉంది. ఆదివారం రాతల్లో పెద్దమనుషులు సరదాగా చెప్పుకునే జాగలను మనకోసం రాజ్యాంగంలో పేరు పెట్టి రాయవలసి వచ్చింది. వాళ్లకు అది కాలక్షేపం, మనకు కొట్లాట. చుండూరులో 1991లో ఎనిమిది మంది దళితులను చంపిన గొడవకు మొదలు ఎక్కడ? సినిమా హాల్లో ఒక దళిత యువకుని కాలు పెద్దకులపోనికి తగలడం దగ్గర.

మన జిల్లాకు ఈ కొట్లాట కొత్త కాదు. 1970ల్లో బొజ్జా తారకం ఇందూరులో వకీలుగా ఉంటూ అంబేద్కర్ యువజన సంఘం పెట్టి యువకులను కూడగట్టాడు. ఈనాడు మన వాడల్లో జెండా కట్టే సంఘాలకు ఆ పని ఒక పునాది.

మరి ఈనాడు పరిస్థితి ఏమిటి? వేలాడదీసిన వేరే గిలాసలు చాలా చోట్ల పోయాయి. పారేసే కప్పులు వచ్చాయి. అందరికీ అవే కప్పులిస్తే మాకు పేచీ లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దకులపోనికి గాజు గిలాస, మనకు పారేసే కప్పు అయితే అది రెండు గిలాసల పద్ధతే. పేరు మారింది, అంతే.

దీనికంటే పెద్ద ఆపద ఇంకొకటుంది. గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు పెట్టుకొని కొన్ని ఊర్లల్ల కుటుంబాలను, వాడలను వెలివేస్తున్న వార్తలు ఈ జిల్లాలో ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. వెలి అంటే ఏమిటి? హోటల్ల చాయ్ పొయ్యరు. దుకాణంల ఉప్పు ఇయ్యరు. మంగలి గడ్డం గియ్యడు. మాట్లాడినోనికి జరిమానా. కొట్టకుండానే తిట్టకుండానే ఊరి దుకాణాలన్నీ ఒక్క మాట మీద మూసుకుంటయ్. ఆ చాటింపు కొట్టే డప్పు కూడా ఎక్కువసార్లు మన చేతిలోదే. ఆ డప్పు ఇంక ఆ పనికి లేవకూడదు.

వెలిని నేరంగా చూడాలని బాబాసాహెబ్ 1947లోనే 'రాష్ట్రాలు – మైనారిటీలు' అనే పత్రంలో అడిగాడు. అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి రావడానికి దగ్గర దగ్గర 70 ఏళ్లు పట్టింది. 1989 నాటి ఆ చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీలను సాంఘికంగా గాని ఆర్థికంగా గాని వెలివేయడం, వెలివేస్తామని బెదిరించడం నేరం. దుకాణంలోకి, వినోద స్థలంలోకి రానియ్యకపోవడం, అందరికోసం పెట్టిన గిన్నెలు, గిలాసలు వాడనియ్యకపోవడం కూడా నేరం. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా. 2018 సవరణ ప్రకారం ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ముందు విచారణ చెయ్యాలి అనే సాకు పోలీసులకు లేదు.

హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. మంచిదే, దండం పెడదాం. కాని మన ఊరి హోటల్ల ఆ గిలాస ఎత్తు అర జానెడు కూడా లేదు. దాన్ని చేతిలోకి తీసుకోవడం 125 అడుగుల విగ్రహం నిలబెట్టడం కన్నా కష్టంగా ఉన్న ఊర్లు ఇంకా ఉన్నయ్. ముందు అది కావాలి.

కాబట్టి సంఘాల కార్యకర్తలకు మా మాట ఇది. ఒంటరిగా పోవద్దు. నలుగురైదుగురు కలిసి, ఆడోళ్లను కూడా తీసుకొని, ఊరి హోటల్‌కు పోండి. లోపల కూర్చుని, పక్కోనికిచ్చిన గిలాసలోనే చాయ్ అడగండి. తిట్లు వద్దు, గొడవ వద్దు. ఇస్తే పైసలిచ్చి తాగి రండి. ఇయ్యకపోతే తేది, వేళ, చూసినోళ్ల పేర్లు రాసుకొని స్టేషన్‌లో రాతమూలకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ఇచ్చిన హోటలాయనకు పదిమందిలో మంచిమాట చెప్పండి, అతని మీద పెద్దల ఒత్తిడి వస్తే అండగా నిలబడండి. ఉద్దెర బంధం తెంపడానికి మన ఆడోళ్ల పొదుపు సంఘాలు ఏం చెయ్యగలవో కూర్చుని మాట్లాడండి.

ఇంకొక పని. అంబేద్కర్ జయంతికి దండ వేసి ఇంటికి వచ్చే బదులు, తెరిచే వేళ ముందే కనుక్కొని, వాడ పిల్లలను తిలక్ గార్డెన్ మ్యూజియంకు, ఖిల్లాకు తోలుకపోండి. ఫులాంగ్ చౌరస్తాలో బాబాసాహెబ్ విగ్రహం దగ్గర ఆగి దౌలతాబాద్ కథ చెప్పండి. మధ్యాహ్నం అందరూ హోటల్ల బల్లల చుట్టూ కూర్చుని తినండి. పిల్లలకు అది అలవాటు కావాలి. అలవాటైన పిల్లగాడు ఊరికొచ్చి బయట నిలబడి చాయ్ తాగడు.

ఈ పనులు ఒక ఏడాది చేసినంక అదే అంగడిలో ఆ పెద్దాయనను మళ్లీ అడుగుదాం, చాయ్ ఎక్కడ మంచిగుంటది తాతా అని. అప్పుడు ఆయన అల్లం ఎక్కువేసిన హోటల్ పేరో, పాలు చిక్కగా పోసే హోటల్ పేరో చెప్పాలి. ఆ రోజు కోసమే ఈ రాత.

జై భీం.