చీరాల కాదు, చిరాలి!

పేరు మొదటిసారి విన్నప్పుడు నేనూ చీరాల అనే అనుకున్నా. ఇది టర్కీ దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అంతాల్యా నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. ముందు గులకరాళ్ల బీచ్, వెనక పైన్ చెట్ల కొండలు, మధ్యలో నారింజ తోటలు.

నేను వెళ్లింది మాత్రం నిప్పు కోసం. ఊరి పక్క కొండ మీద యనార్‌తాష్ అనే చోటుంది. ఆ మాటకి అర్థమే ‘మండే రాయి’. చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ వేసుకుని రాళ్ల దారిలో దాదాపు కిలోమీటరు ఎక్కాను. ఆయాసం మామూలుగా రాలేదు! పైకెళ్లి చూస్తే రాతి పగుళ్లలోంచి మంటలు. కట్టెల్లేవు, నూనె లేదు. నేల లోపల్నుంచి మీథేన్ గ్యాస్ వస్తూనే ఉంటుంది, అదే మండుతుంది. దాదాపు 2,000 ఏళ్ల కిందటే రోమన్ రచయిత ప్లినీ ఈ మంటల గురించి రాశాడు. ముందు సింహం, మధ్యలో మేక, వెనక పాములా ఉండే కైమీరా అనే రాక్షసి ఇక్కడే నిప్పులు కక్కేదని గ్రీకుల కథ. రెక్కల గుర్రమెక్కి వచ్చి బెలెరోఫోన్ అనే వీరుడు దాన్ని చంపేశాడట. చంపాడు సరే, మంట ఆరలేదుగా! నా పక్కన కూర్చున్నవాళ్లు ఆ మంట మీదే టీ కాచుకుంటున్నారు.

మర్నాడు బీచ్ వెంబడి దక్షిణంగా నడిస్తే ఒలింపోస్ శిథిలాలు వచ్చాయి. ఒకప్పుడు లిసియన్ నగరాల కూటమిలో మూడేసి ఓట్లున్న ఆరు పెద్ద నగరాల్లో ఇదొకటి. తర్వాత జెనికెటెస్ అనే సముద్రపు దొంగ దీన్ని అడ్డాగా చేసుకుంటే, రోమన్లు వచ్చి ఓడించారు. ఇప్పుడు గోడల మీద చెట్లు మొలిచి ఉన్నాయి. యూడెమోస్ అనే ఓడ కెప్టెన్ రాతి సమాధి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాని మీద ఓ ఓడ బొమ్మ, ఇక ఏ రేవుకీ బయల్దేరని ఓడ గురించి చిన్న కవిత చెక్కి ఉన్నాయి.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. తెల్లవారకముందే రీల్ తీద్దామని బీచ్‌కి వెళ్లి టార్చ్ వేశాను. ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకావిడ పరుగున వచ్చి నా ఫోన్‌ని అరచేత్తో మూసేసింది. ఇది లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఎటు వెలుగుంటే అటే పాకుతాయి. చీకట్లో నేలకంటే సముద్రం వైపే కాస్త వెలుగు ఉంటుంది కాబట్టి నీళ్లలోకి చేరతాయి. నా టార్చ్ చూస్తే? ఊళ్లోకి వచ్చేస్తాయి.

సిగ్గేసింది. నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లో. ఆలివ్ రిడ్లీలు మా తీరంలోనూ గుడ్లు పెడతాయి. ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా, ఫోన్ తీసేటప్పుడు ఒక్కసారీ గుర్తురాలేదు.

ఆవిడ నన్ను వెళ్లిపొమ్మనలేదు. దూరంగా, కదలకుండా నిలబడమని సైగ చేసింది. కాసేపటికి గులకరాళ్ల మధ్య ఏదో కదిలింది. ఎనిమిది లెక్కపెట్టాను. ఎనిమిదీ నీళ్లవైపే వెళ్లాయి. వీడియో అడక్కండి, లేదు.