సగం కాపురం సూర్యాపేటలో!

పోస్టింగ్ ఆర్డరు వచ్చిన రోజు ఇంట్లో మిఠాయి పంచుతారు. మర్నాటి నుంచి చర్చ మొదలు. ‘సూర్యాపేటా? అంత దూరమా?’ అంటారు ఒకరు. ‘కోదాడలో పిల్లల చదువు సాగుతుందా?’ అంటారు ఇంకొకరు. ‘మిర్యాలగూడ అయితే రైలుంది, పోయిరావచ్చు’ అంటారు మరొకరు. చివరికి చాలా ఇళ్లలో కుదిరే రాజీ ఒక్కటే... కాపురం హైదరాబాద్‌లో, కొలువు అక్కడ. రోజూ అప్ అండ్ డౌన్! ఎవరి మనసూ నొప్పించని ఈ తీర్పే అన్నిటికన్నా ఖరీదైనది.

లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు. హైవే ఎంత బాగున్నా ఇంటి గడప నుంచి ఆఫీసు గడపకు మూడు గంటలనుకుంటే రానూపోనూ ఆరు. నెలకు 24 పనిదినాలకు 144 గంటలు. అంటే ఆరు పగళ్లు, ఆరు రాత్రులు బస్సు సీట్లోనే గడిచిపోతాయన్నమాట. కోదాడ ఇంకో నలభై కిలోమీటర్లు అవతల!

అద్దె లెక్క కూడా ఉంది. 2021 వేతన సవరణలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో 24 శాతం, ఈ స్థాయి పట్టణాల్లో 13 శాతంగా నిర్ణయించారు. మూలవేతనం 60 వేలైతే రాజధానిలో 14,400, ఇక్కడ 7,800. భత్యం పనిచేసే ఊరిని బట్టి వస్తుంది, కాపురమున్న ఊరిని బట్టి కాదు. అద్దె నగరంలో కడుతూ భత్యం సూర్యాపేట లెక్కన తీసుకునేవారికి నష్టం నెలనెలా తప్పదు.

ఇక మూడు ఊళ్లనూ ఒకే గాటన కట్టడమూ పొరపాటే. సూర్యాపేట హైదరాబాద్, విజయవాడలకు దాదాపు సగం దారిలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కోదాడ అదే జిల్లాలో, ఆంధ్ర సరిహద్దు పక్కన ఉంది. హైదరాబాద్ కన్నా ఖమ్మం, విజయవాడ దగ్గర. ఈ రెండిటికీ రైలు స్టేషన్ లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు మిల్లుల ఊరిగా మార్చిన మిర్యాలగూడకు ఉంది. అది నల్గొండ జిల్లా.

ఈ జిల్లా గీత చిన్నదేం కాదు. ఒకప్పుడు ‘రెండేళ్లు ఓపిక పడితే ట్రాన్స్‌ఫర్’ అనుకునేవారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత జిల్లా క్యాడర్ పోస్టులో చేరినవారి సర్వీసు సాధారణంగా ఆ జిల్లాలోనే సాగుతుంది. 2021 డిసెంబరులో జీవో 317 కింద ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త మరో జిల్లాకు వెళ్లిన ఇళ్లెన్నో. రెండేళ్ల కోసం చేసుకున్న సర్దుబాటు ఇరవై ఏళ్లు నిలబడదు. ఒకరు కోదాడలో, ఒకరు మిర్యాలగూడలో పనిచేస్తుంటే మధ్యలో హుజూర్‌నగర్‌లో ఇల్లు తీసుకోవడం నయం. ఇద్దరూ రాత్రికి ఇంటికి చేరతారు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది పిల్లల వయసు. అవే ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే స్థానికులు. నేరుగా భర్తీ చేసే లోకల్ క్యాడర్ పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. కాబట్టి రెండో తరగతి పాపను హైదరాబాద్‌లోనే ఉంచాలా, వెంట తీసుకెళ్లాలా అన్నది స్కూలు ఫీజుతో తేలే ప్రశ్న కాదు. రేపు ఆమె ఏ జిల్లా అమ్మాయో అందులోనే తేలుతుంది. ఇంటర్ చదివే అబ్బాయి సంగతి వేరు. రెండేళ్లు హాస్టల్లో ఉంచినా పెద్దగా పోయేదేం లేదు.

నిర్ణయానికి ముందు ఇంటిల్లిపాదీ వారం రోజులు ఆ ఊళ్లో ఉండి చూడటం మంచిది. పనిదినాల్లోనే ఉండాలి. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఎక్కడికి? ఇల్లాలి ఉద్యోగం ఏమవుతుంది? అత్తామామల మందులు, పరీక్షలు అక్కడ కుదురుతాయా? ఈ మూడింటికి జవాబు దొరికితే సామాను సర్దుకోవచ్చు. దొరక్కపోతే, వెళ్లడం లేదని ఆర్డరు తీసుకోకముందే చెప్పుకోవడం మేలు. ఆ పోస్టు ఇంకొకరికైనా దక్కుతుంది.

ఊరి వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది. సాయంత్రం నాలుగింటి బస్సు మీదే ధ్యాసంతా ఉన్న పంతులుకు, ఆఖరి పీరియడ్లో లెక్క అర్థంకాని పిల్లాడు కనపడడు. రాత్రి రెండింటికి పాము కరిచిన రైతును తీసుకొస్తే, 135 కిలోమీటర్ల దూరంలో నిద్రపోతున్న డాక్టరు చేయగలిగిందేమీ లేదు. అక్కడే ఉన్నవాళ్లకు ఊరు మరోలా కనిపిస్తుంది. కూరగాయలావిడ పేరు పెట్టి పలకరిస్తుంది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరొస్తే పక్కింటివాళ్లు తమతో రమ్మంటారు.

వెళ్తే నిండుగా వెళ్లాలి, లేదంటే మానుకోవాలి. సగం కాపురానికి రెండు అద్దెలు కట్టినా, ఏ ఊళ్లోనూ సొంతమనిషి అనిపించుకోలేరు.