శాలువా కప్పితే స్వరం నిలుస్తుందా?



మన సైబరాబాదులో కళాకారుని గౌరవించడమంటే ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఆపైన ముఖ్య అతిథిగారి సుదీర్ఘోపన్యాసం. కచేరీకి మిగిలేది చివరి పదిహేను నిమిషాలు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. దీనిని సన్మానమనడం ఆ మాటకే అపచారమని నా అభియోగం. విద్వాంసుని సన్మానించవలసినది అతని విద్యతోనే. సాటివారు దానిని వాయించాలి, సభ ఆసాంతం వినాలి, ఆ నాదాన్ని పదిలపరచాలి.

నిదర్శనం కావాలంటే స్విట్జర్లాండు వైపు చూడండి. 1991 జూలై 8న మాంట్రో జాజ్ ఉత్సవంలో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ కోసం క్విన్సీ జోన్స్ ఒక పెద్ద వాద్యబృందాన్ని సమకూర్చాడు. 1950ల చివర గిల్ ఎవాన్స్ కూర్పుతో డేవిస్ వాయించిన రచనలను ఆ బృందం తిరిగి పలికించింది. ఎవాన్స్ 1988లోనే గతించాడు. డేవిస్‌కు అప్పటికి 65 ఏళ్ళు, ఆరోగ్యం అంతంతమాత్రం. కష్టమైన ఘట్టాలలో వాలస్ రోనీ అనే యువకుడు పక్కనే నిలిచి తన ట్రంపెట్‌తో ఆదుకున్నాడు. ఆ సెప్టెంబరు 28న డేవిస్ కన్నుమూశాడు. ఆ కచేరీ రికార్డు 1993లో వెలువడింది. పెద్దాయన ఊపిరి, చిన్నవాడి ఆసరా రెండూ అందులో ఉన్నాయి. ఏ సన్మానపత్రం ఇంత నిజం చెప్పగలదు?

“ఆ బాకాల గోల మనకెందుకు మాస్టారూ?” అనేవారుంటారు. ఊపిరితో పలికే మహావాద్యం మనకూ ఉంది గనుకనే చెబుతున్నాను. మన సన్నాయి మేళంలోనూ గురువు ఊపిరి తీసుకునే వేళ పక్క నాదస్వరం స్వరాన్ని నిలబెడుతుంది. డోలు, శ్రుతి, తాళం కూడితేనే అది మేళం.

ఒంగోలు దాపున కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు శ్రీరంగంలో స్థిరపడి, తమిళుల చేత శభాష్ అనిపించుకున్నారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. అదే ఏడాది మన మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మరుసటి ఏడే ఆయన అస్తమించారు. భద్రాద్రి రాముని ఆస్థాన విద్వాంసులు గోసవీడు షేక్ హసన్ సాహెబుకు 2022లో పద్మశ్రీ ప్రకటించేనాటికి ఆయనా లేరు. బిరుదు మరణానంతరం వచ్చినా చెల్లుతుంది. ఊపిరిని మాత్రం ఊపిరి ఉండగానే పట్టుకోవాలి.

“ఇప్పుడు ప్రతి చేతిలోనూ మొబైలు ఉంది, రికార్డింగుకు కొదవేమిటి?” అని మరొక ఆక్షేపణ. ఆ తునకలలో రాగం ఎత్తుకునేలోగా వీడియో ముగుస్తుంది. డోలు విద్వాంసుని పేరు ఎక్కడా ఉండదు. ఇక మన పెళ్ళిళ్ళలో మేళగాళ్ళకు మిగిలిన పని, పురోహితుడు సైగ చేయగానే గట్టిమేళం మోగించడం. తక్కిన పూటంతా డీజేదే రాజ్యం. ఏడాదిలో నాలుగు ముహూర్తాల గట్టిమేళంతో కుటుంబం గడవని తండ్రి, కొడుకు చేతికి సన్నాయి ఎందుకు ఇస్తాడు?

హైటెక్ సిటీలో లోపమేమున్నది? శిల్పకళావేదిక వంటి విశాలమైన సభాభవనం ఉంది. శబ్దగ్రహణం తెలిసిన యువకులున్నారు. ఒక్క విందుకు లక్షలు వెచ్చించే సంస్థలున్నాయి. ఏటా జరిపే సన్మానసభలలో ఒక్కటి మానండి. ఉపన్యాసాలు లేని మూడు గంటల సన్నాయి కచేరీ పెట్టండి. చినమౌలానా సాహెబు పేరిట, బతికి ఉన్న విద్వాంసుల చేత. మొదటి ఆలాపన నుంచి మంగళం దాకా కత్తిరింపు లేకుండా రికార్డు చేయండి. శ్రుతి పట్టినవాని పేరు కూడా అట్ట మీద అచ్చువేయండి. సంభావన ఆ రాత్రే చేతిలో పెట్టండి.

శాలువా కప్పాలని అంత ముచ్చటగా ఉంటే, అదంతా అయ్యాక కప్పండి. అభ్యంతరం ఉన్నవారు వ్యాఖ్యలలో వాదించవచ్చు. సమాధానం చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను.