నీస్ నగర సముద్రతీరము

ఎండ యనిన మనకు బెదురు. చలిదేశములవారికి అది పెన్నిధి. ఫ్రాన్సు దక్షిణతీరమందలి నీస్ నగరమునకు ఉత్తరమున ఆల్ప్స్ పర్వతములు చలిగాలుల నడ్డగించును. అందుచే శీతకాలమందును అచ్చట ఎండ హాయిగా కాయును. దానికొరకే 18వ శతాబ్దమునుండి ఆంగ్ల ధనికులు అచ్చటికి పోయి చలికాలము గడపెడివారు. తీరమున ఇసుక లేదు, అన్నియు గులకరాళ్లే! అయినను నీలిసముద్రమును చూచుటకు జనులు నేటికిని వేలకొలది వచ్చుచున్నారు.

నా మట్టుకు అచ్చట చూడదగినది సముద్రము కాదు, దాని వెంబడి సుమారు 7 కిలోమీటర్లు సాగిన బాట. 1820 తరువాత, పనిలేని పేదలకు కూలి దొరకవలెనని ఆంగ్లేయులు చందాలు పోగుచేసి దానిని వేయించిరి. మొదట అది ఇరుకైన కాలిబాట. దానికి ‘ఆంగ్లేయుల విహారమార్గము’ అను పేరు స్థిరపడినది. చందా లిచ్చినవారి పేరు నిలిచినది; రాళ్లు మోసినవారి పేరు లేదు. బాలలారా, ఆ పేరులో కూలివారికిని చోటు దొరకవలసినదని నా కనిపించును.