అన్నవృద్ధి అంటే అధికంగా కొనడం కాదు

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని బ్రహ్మస్వరూపంగా గ్రహింపజేసి, అనంతరం కొన్ని వ్రతాలను విధించింది. అన్నాన్ని నిందించరాదు, నిరాకరించరాదు, వృద్ధి చేయాలి. ఆశ్రయం కోరి వచ్చినవానిని కాదనరాదన్నది నాలుగవ వ్రతం. సమృద్ధిగా అన్నం ఆర్జించమన్నది అందుకే. అనగా సమృద్ధికి ప్రయోజనం అతిథియే గాని అల్మారా కాదు.

వర్షాభావం వలన పాలమూరు జనులు తరతరాలుగా వలస వెళ్ళారు. నల్లగొండలో మిర్యాలగూడ ప్రాంతానికి సాగర్ ఎడమ కాలువ వచ్చాకనే ధాన్యసమృద్ధి కలిగింది. అటువంటి నేలపై నేడు తగ్గింపు ధరల వ్యామోహంతో, ఇంట ఉన్న కందిపప్పునే మళ్ళీ కొంటున్నాం. పాతది పురుగుపట్టి కుప్పలో పడుతోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగపు 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా వ్యర్థమైన 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం గృహాలదే.

దేవాలయంలో నైవేద్యానికి దిట్టం ఉంటుంది. ఏ ద్రవ్యం ఎంత అన్నది ముందే నిర్ణీతం. భగవంతునికే కొలత ఉండగా గృహస్థునకు ఎందుకు ఉండరాదు? అంగడికి వెళ్ళేముందు డబ్బాలు చూసి పట్టీ వ్రాయండి. ఎసట్లో బియ్యం కొలిచి పోయండి. అలా మిగిలిన ధనంలో కొంతైనా ఆకలిగొన్నవానికి చేరితే, అదే అన్నవృద్ధి.