గోడమీద కానరాని శాసనము

2025వ సంవత్సరము నవంబరు 21వ తేదీనుండి మనదేశమున నాలుగు కార్మికస్మృతులు అమలులోనికి వచ్చినవి. 29 పాతచట్టములను చేర్చి నాలుగుగా కూర్చితిమని కేంద్రప్రభుత్వమువారు చాటుకొనిరి. ఆ కూర్పునందలి మంచిచెడ్డలను తరువాత విచారింతము. ముందుగా మేమడుగున దొక చిన్న ప్రశ్న. వేతనస్మృతి 50వ సెక్షను ప్రకారము యజమాని తన సంస్థలో నోటీసుబోర్డు పెట్టి, దానిమీద ఆ చట్టపు సంగ్రహమును, ఏ తరగతి యుద్యోగికి జీతమెంతయో ఆ పట్టికను, జీతములిచ్చు తేదీని, వేళను, ఆ ప్రాంతపు తనిఖీ యధికారి పేరును, చిరునామాను ప్రకటింపవలెను. ఆ బోర్డెక్కడ? పాఠకులు బట్టల దుకాణమునకో, ప్రైవేటు ఆసుపత్రికో, కాలేజీకో పోయినపుడు గోడల నొకమారు పరికింపుడు. దేవుని పటములుండును. అరువు లేదను పలక యుండును. కెమెరాలున్నవి జాగ్రత్త యను హెచ్చరిక యుండును. పురపాలకసంఘమువారి లైసెన్సు అద్దములో బిగించి యుండును. జీతగాని హక్కును చెప్పు కాగిత మెన్ని గోడలమీద నున్నదో వ్రేళ్లతో లెక్కింపుడు.

ఇది మఱపువలన జరిగినదని మేమనుకొనము. ఉద్యోగి యజ్ఞానము యజమానికి పెట్టుబడి లేని లాభము. దానిమీద వడ్డీ లేదు, పన్ను లేదు. నెలజీతము మఱునెల యేడవ తేదీ దాటకుండ నీయవలెనని చట్టము చెప్పుచుండగా, ఇరువదవ తేదీవఱకు త్రిప్పి, "నీవు మా యింటివాడవు కదా, కొంచెమోర్చుకోవయ్యా" అనుట ఆచారమైనది. ఉద్యోగి తానై మానుకొన్నను, యజమాని తీసివేసినను, రావలసిన జీతమును రెండు పనిదినములలో చెల్లింపవలెనని 17వ సెక్షను. నలువదియైదు దినములు పట్టునని కంపెనీల వాడుక. పది నిమిషముల యాలస్యమునకు సగము దినపు జీతమును కోసివేయుదురు. పనికి రాని కాలమునకు మించిన కోత చెల్లదని చట్టములో నున్నసంగతి కోయువానికి తెలియును, కోతపడినవానికి తెలియదు. పదిమందియు నంతకుమించియు పనివారున్నచోట ప్రతియుద్యోగికిని నియామకపత్ర మీయవలెనని వృత్తిభద్రతాస్మృతి శాసించినది. ఏండ్ల తరబడి గల్లాపెట్టె ప్రక్కన నిలిచి పనిచేసియు అట్టి పత్రమును కన్నులజూడని గుమాస్తాలు మన పట్టణములలో నెందఱో కలరు.

ఇందు ముఖ్యముగా తెలిసికొనవలసిన సెక్షనులు రెండు, 59యు 60యు. జీతము రాలేదనియో, తక్కువ వచ్చినదనియో, అక్రమముగా కోసిరనియో ఉద్యోగి అధికారిముందు మొఱ పెట్టుకొన్నపుడు, చెల్లించితినని రుజువు చేయు భారము యజమానిదే యని 59వ సెక్షను. రాలేదని ఉద్యోగి రుజువు చేయనక్కఱలేదు. సాధారణ వ్యాజ్యములలో అడిగినవాడే సాక్ష్యము తేవలెను. ఇచ్చట శాసనకర్తలు త్రాసును బలహీనునివైపు మొగ్గించిరి. ఇక 60వ సెక్షను: ఈ చట్టముక్రింద తనకు రావలసిన సొమ్మును వదలుకొనుచున్నానని ఉద్యోగి వ్రాసియిచ్చిన యొడంబడిక చెల్లదు. "సంతకము చేసితిని గదా, ఇంక నేమి చేయగలను?" అని నోరు మూసికొను యువకులకు ఈ యొక్క వాక్యము వినిపించుట ఎంతటి యుపకారమో యోచింపుడు. వానిని కట్టివేసినది సంతకము కాదు, భయము.

అయినను ఈ సెక్షనులు అన్నిచోట్లను కాపాడునని చెప్పి పాఠకులను మోసగింపజాలము. ప్రైవేటు పాఠశాలలలో నొక రహస్యమున్నది. అది అందఱు నెఱిగిన రహస్యము. పంతులమ్మ బ్యాంకుఖాతాలో నిండుజీతము పడును; మఱునాడు అందు కొంత భాగమును నగదుగా తెచ్చి కార్యాలయమున నీయవలెను. అప్పుడు రుజువుభారము యజమానిపై నున్నను, రుజువు వానిచేతిలోనే యున్నది! ఇట్టివారు తిరిగి యిచ్చిన ప్రతిరూపాయిని తేదీతోగూడ వ్రాసి యుంచుకొనవలెను. ఇద్దఱు ముగ్గురు కలిసి మొఱపెట్టుకొనవలెను. ఒంటరిమాటను కొట్టివేయుట సులభము. మఱియొక దుష్టాచారము: చేరునపుడే డిగ్రీ యసలు పత్రములను తీసికొని బీరువాలో పెట్టుట. ఈ నాలుగు స్మృతులలో నెచ్చటను ఇట్టి కుదువకు అధికారమిచ్చు వాక్యము లేదు. వడ్డీవ్యాపారియైన నప్పిచ్చి తాకట్టు పట్టును. వీరు పని చేయించుకొనుచు తాకట్టు పట్టుచున్నారు.

చట్టమంతయు పాటించినచో దుకాణము మూతపడునని కొందఱు వాపోవుదురు. నోటీసుబోర్డు పెట్టిన నేదుకాణము మూతపడును? ఏడవ తేదీలోపల జీతమిచ్చిన నేవ్యాపారము కూలును? ఇతరుల కూలిని తొక్కిపట్టిన గాని నిలువని వ్యాపారము ఎవరి సొమ్ముతో నడచుచున్నదో వేఱుగ చెప్పనేల?

ప్రభుత్వములమాట కూడ చెప్పక తప్పదు. క్రొత్తస్మృతులలో మేలే లేదని మేమనము. గడువుపెట్టి నియమింపబడినవారికి ఒక యేడు పనిచేసినంతనే గ్రాట్యుటీ హక్కు కలుగుట మంచిమార్పు. కాని తనిఖీ యధికారిని పరిశీలకుడును సహాయకుడును జేసి, తొలితప్పునకు అభియోగము తెచ్చుటకు ముందు దిద్దుకొను నవకాశమును యజమాని కీయుమనుట యెవరికి సహాయము? కర్మాగారములలో నుద్యోగులను తొలగించుటకు ముందనుమతి యవసరమగు సంఖ్యను నూఱునుండి మూడువందలకు పెంచుట యెవరికి రక్ష? 1934 నాటి ఫ్యాక్టరీచట్టము, ఏడాది పొడుగున నడచు కర్మాగారములలో, దినమునకు 10 గంటలు, వారమునకు 54 గంటలు హద్దుగా పెట్టినది. 1946లో నది 9 గంటలకును, 48 గంటలకును తగ్గినది. పరాయిపాలన చివరిదినములలో సంపాదించుకొన్న యా యొక్కగంటను 2025లో మన తెలుగుప్రభుత్వములు తిరిగి యప్పగించినవి. ఆంధ్రప్రదేశ్ కర్మాగారములలోను, తెలంగాణ వాణిజ్యసంస్థలలోను 10 గంటల దినమునకు దారి తెఱచిరి. వారమునకు 48 గంటల హద్దు నిలిచియున్నదని సమాధానము చెప్పుదురు. లెక్కపుస్తకము యజమానియొద్ద నున్నంతకాలము ఆ హద్దును కాచువా డెవడు? 1954లో బ్యాంకు ఉద్యోగుల కనుకూలమైన తీర్పును ప్రభుత్వము మార్చినదని కేంద్ర కార్మికమంత్రి పదవినే విడిచివచ్చిన వరాహగిరి వేంకటగిరిగారు మనవారు. నేటి మంత్రులను పదవులు విడువుమని మేమడుగుట లేదు. ఆ బోర్డులు పెట్టింపుడని మాత్రమే యడుగుచున్నాము.

వారు పెట్టించువఱకు మన గ్రంథాలయములు, పఠనమందిరములు ఊరకుండ నేల? వేతనస్మృతి సంగ్రహమును తేటతెలుగున పెద్దయక్షరములతో వ్రాయించి, ప్రాంతీయ కార్మికశాఖాధికారి చిరునామాను దానిక్రింద చేర్చి, వార్తాపత్రికల బల్లపైగోడకు తగిలింపుడు. అందు ఈ సంగతులు తప్పక చేర్పుడు. బాకీ యేర్పడిన నాటినుండి మూడేండ్లలోపల మొఱ పెట్టుకొనవచ్చును. ఆ మొఱను ఉద్యోగియే కాక, అతని సంఘమును తేవచ్చును, తనిఖీ యధికారియు తేవచ్చును. బాకీతోబాటు దానికి పదిరెట్లవఱకు పరిహార మిప్పించు నధికారము విచారణకర్తకు కలదు.