ముదిచిలుకకు చదువు రాదా?

ముదిసిన చిలుకకు చదువు రాదని మనవారు నిశ్చయించి కూర్చున్నారు. కరచినచో కసరుట, పస్తుంచుట, ఇదియే శిక్షణమని వారి నమ్మకము. మే మీమాట నొప్పుకొనము. 1977లో అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ కొనిన అలెక్స్ అను ఆఫ్రికా బూడిదచిలుక 2007లో మరణించువరకును పాఠములు నేర్చుచునే యుండెను. ఇద్దరు తనయెదుట ప్రశ్నోత్తరములు నడుపుచుండగా చూచి నేర్చినది. సరిగా పేరు చెప్పిన వస్తువే దానికి బహుమానము. ఇందులో బెత్తమున కెక్కడ చోటు?

పాతచిలుక కరచుట తరచుగా భయమువలననే. కావున తొలుత చేయి పంజరమున జొనుపక, దూరమున కూర్చుండి గింజ చూపవలెను. అది తానై దరిజేరిన నాడే రెండవ పాఠము. బయటకు విడుచునపుడు పంకా తిరుగరాదు, కిటికీ తెరచియుండరాదు. మితిమీరి కాగిన నాన్‌స్టిక్ పెనపు ఆవిరి చిలుక ప్రాణము తీయును.

ఇక మన తోటలలోని రామచిలుక మాట. దానిని పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధములు. అట్లని రెక్కలు కత్తిరించిన ముదిచిలుకను వీధిలో విడుచుట దయ యనిపించుకొనదు; అటవీశాఖ కప్పగించుటయే ధర్మము. దానికి మనము నేర్పవలసిన దేమియు లేదు. నేర్వవలసినవారము మనమే.